పిల్లలు హాస్టల్లో, మనం బెంగళూరులో: హాస్టల్ సబ్సిడీ రూపాయి పోకుండా ఎలా తీసుకోవాలి

ఉద్యోగం బెంగళూరులో, పిల్లల చదువు మాత్రం విజయవాడలోనో గుంటూరులోనో తిరుపతిలోనో. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇది మామూలే. పదో తరగతి దాకా కేంద్రీయ విద్యాలయంలో చదివించి, ఇంటర్‌కి ఎంపీసీ అనో బైపీసీ అనో అటు పంపుతారు. కొందరు ఆరో తరగతిలోనే కలికిరి సైనిక్ స్కూల్లో చేరుస్తారు. ఆ ఏడాది నుంచి ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. ఫీజు వాయిదాల కోసం పీఎఫ్‌లో అడ్వాన్సు తీసుకునేవాళ్లు, నగలు కుదువ పెట్టేవాళ్లు ఎంతోమంది.

తల్లిదండ్రుల్లో ఒకరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి వరకు చదువుతున్న ఒక్కో బిడ్డ మీద ఏడాదికి 1,35,000 రూపాయల వరకు తిరిగి వస్తుంది. ఇందులో చదువు భత్యం (చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్) దాదాపు అందరూ తీసుకుంటారు. దానికంటే మూడు రెట్లు పెద్దదైన హాస్టల్ సబ్సిడీ దగ్గరే చాలామంది ఆగిపోతారు. అర్హత ఉంటుంది, ఖర్చు పెట్టి ఉంటారు, కాలేజీ ఇచ్చిన సర్టిఫికెట్లో ఒక్క వాక్యం లేక డబ్బు పోతుంది. ఆ వాక్యం ఏమిటో, ఎవరిని ఎప్పుడు అడిగి రాయించుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

ఇది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు. బెంగళూరులో ఇస్రో, డీఆర్‌డీవో ల్యాబులు, యలహంక రైల్ వీల్ ఫ్యాక్టరీ, పోస్టల్, ఆదాయపు పన్ను, అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసు ఇలా ఎక్కడ చేస్తున్నా మూల నిబంధన ఒకటే. సిబ్బంది, శిక్షణ శాఖ 2018 జూలై 17న ఇచ్చిన ఉత్తర్వులో అంతా ఒకేచోట ఉంది. రైల్వే, రక్షణ శాఖలు తమ ఉత్తర్వులు వేరుగా ఇచ్చుకుంటాయి, రేట్లు మాత్రం ఇవే. హెచ్ఏఎల్, బీఈఎల్, బీఈఎంఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకు ఈ ఉత్తర్వు నేరుగా వర్తించదు. వాళ్ల కంపెనీ నిబంధనలు వేరు కాబట్టి హెచ్ఆర్‌లోనే అడగాలి.

మొదటి ఇద్దరు పిల్లలకే ఇస్తారు. రెండో కాన్పులో కవలలు పుడితే ఆ ఇద్దరినీ కలుపుతారు. వయసు 20 ఏళ్లు నిండే వరకు, లేదా పన్నెండో తరగతి పాసయ్యే వరకు, ఏది ముందైతే అది. దివ్యాంగులైన పిల్లలకు 22 ఏళ్ల దాకా ఉంది. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే ఒక్కరే క్లెయిమ్ చేయాలి.

ఇంటర్ అయిపోయాక నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి హాస్టల్లో పెడితే దానికి రాదు. బీటెక్ హాస్టల్‌కి కూడా రాదు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చేరిన పిల్లలకు మాత్రం మొదటి రెండేళ్లకు ఇస్తారు. ఆ బిడ్డకు పదకొండు, పన్నెండు తరగతుల కింద అప్పటికే తీసుకుని ఉండకూడదు. డిప్లొమా మూడేళ్లు కదా అని మూడో ఏడు కూడా క్లెయిమ్ పెడితే తిప్పి పంపుతారు.

ఎంత వస్తుంది

2024 జనవరి 1 నాటికి కరువు భత్యం 50 శాతానికి చేరడంతో ఈ రేట్లు 25 శాతం పెరిగాయి. చదువు భత్యం నెలకు 2,812.50 రూపాయలు. హాస్టల్ సబ్సిడీ గరిష్ఠంగా నెలకు 8,437.50. దివ్యాంగ పిల్లలకు చదువు భత్యం రెట్టింపు, అంటే నెలకు 5,625. మీరు క్లెయిమ్ పెట్టే నాటికి ఏమైనా మారాయేమో మీ ఆఫీసు బిల్లు సెక్షన్లో ఒక మాట అడగండి.

ఈ రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. చదువు భత్యం స్థిరమైన మొత్తం. మీరు స్కూల్‌కి లక్ష కట్టినా, పదివేలే కట్టినా ఏడాదికి 33,750 వస్తుంది. హాస్టల్ సబ్సిడీ అలా కాదు. వసతికి, భోజనానికి మీరు నిజంగా ఎంత కట్టారో అంతే ఇస్తారు, అదీ ఏడాదికి 1,01,250 దాటకుండా. హాస్టల్, మెస్ కలిపి 1,20,000 కట్టారనుకోండి, 1,01,250 వస్తుంది. 80,000 కట్టి ఉంటే ఆ 80,000 వస్తుంది. దీనికి పైన చదువు భత్యం 33,750 కలుస్తుంది. రెండూ ఒకే బిడ్డకు ఒకేసారి తీసుకోవచ్చు. హాస్టల్ సబ్సిడీ పెడితే చదువు భత్యం పోతుందేమోనన్న భయం ఇప్పటికీ కొందరిలో ఉంది, అది వదిలేయండి.

వేసవి సెలవుల రెండు నెలలూ కోస్తారా అని కూడా అడుగుతుంటారు. ఉత్తర్వు ప్రకారం సంవత్సరం అంటే పూర్తి విద్యా సంవత్సరం, పన్నెండు నెలలు. పిల్లవాడు ఏప్రిల్, మేలో ఇంటికి వచ్చాడని కోత వేయకూడదు.

నవోదయ విద్యాలయంలో చదివే పిల్లలకు వసతి, భోజనం ఉచితం. కట్టింది ఏమీ లేదు కాబట్టి హాస్టల్ సబ్సిడీ కింద చూపించడానికీ ఏమీ ఉండదు. చదువు భత్యం మాత్రం నిక్షేపంగా వస్తుంది.

యాభై కిలోమీటర్ల లెక్క

స్కూల్ మీ ఇంటి నుంచి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఆఫీసు నుంచి కాదు, మీరు నివాసం ఉండే చోటు నుంచి. తిరుపతి, అనంతపురం, మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ, పుట్టపర్తి, వీటన్నిటికీ ఏ అనుమానమూ అక్కర్లేదు. విజయవాడ, హైదరాబాద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టెన్షన్ అంతా దగ్గరి ఊళ్లతోనే. హోసూరు బెంగళూరు నడిబొడ్డు నుంచి 40 కిలోమీటర్లే. యలహంకలో ఉండేవాళ్లకు అదే హోసూరు ఇంకా దూరం, కోరమంగల వాళ్లకు ఇంకా దగ్గర. చిక్కబళ్లాపుర వైపు ఉన్న రెసిడెన్షియల్ స్కూళ్లకూ ఇదే చిక్కు. ఇలా అటూ ఇటూగా ఉన్నప్పుడు స్కూల్లో చేర్చేముందే ఇంటి నుంచి స్కూల్ గేటు దాకా రోడ్డు దూరం చూసుకోండి. మ్యాప్ ప్రింటు తీసి దాచిపెట్టండి. క్వార్టర్స్ అలాట్‌మెంట్ ఉత్తర్వో అద్దె ఒప్పందమో మీ చిరునామా చూపించేలా ఉండాలి.

దూరం ఒక్కటే సరిపోదు, ఆ హాస్టల్ విద్యాసంస్థదే అయి ఉండాలి. ఉత్తర్వులో ఉన్న మాట రెసిడెన్షియల్ విద్యాసంస్థ. పిల్లవాడు ఒక కాలేజీలో డే స్కాలర్‌గా చేరి పక్క వీధిలో ప్రైవేటు పీజీలో ఉంటే సబ్సిడీ రాదు. రాజస్థాన్‌లోని కోటాలో కోచింగ్ తీసుకుంటూ అక్కడి ప్రైవేటు హాస్టల్లో ఉండి, పేరుకు ఎక్కడో ఒక స్కూల్లో నమోదై ఉన్న పిల్లలది కూడా ఇదే పరిస్థితి. ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే బిడ్డకు హాస్టల్ సబ్సిడీ ఉండదు గానీ, గుర్తింపు ఉన్న స్కూల్ అయితే చదువు భత్యానికి అడ్డేమీ లేదు. బిడ్డ మీతో ఉండాలన్న షరతు దానికి లేదు.

అడ్మిషన్ రోజే చేయాల్సిన పని

అసలు పని ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చదవండి.

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఫీజు ఎలా చెప్తారో మీకు తెలుసు. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, ఏసీ క్యాంపస్ అయితే ఇంత, నాన్ ఏసీ అయితే ఇంత అని ఒకే అంకె చెప్తారు. ట్యూషన్, హాస్టల్, మెస్, మెటీరియల్, లాండ్రీ అన్నీ అందులోనే. మీరు మొదటి వాయిదా కడతారు, చేతికి వచ్చే రసీదు మీద ఫీజు అనో, కోర్సు ఫీజు అనో ఒక్క పదం ఉంటుంది. అప్పుడు ఎవరూ పట్టించుకోరు. పిల్లని హాస్టల్ రూమ్‌లో దింపాలి, పరుపు కొనాలి, బకెట్ కొనాలి, సాయంత్రం మళ్లీ కొండవీడు ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలి. ఆ హడావిడిలో రసీదు మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేస్తారు.

ఏడాది తర్వాత బిల్లు సెక్షన్లో ఆ రసీదు పెడితే, ఇందులో వసతి, భోజనం ఎంత అని అడుగుతారు. జవాబు ఉండదు. కట్టింది రెండు లక్షలైనా సరే, వసతి, భోజనం మొత్తం విడిగా కనబడకపోతే బిల్లు పాస్ చేసే అధికారి చేయగలిగింది ఏమీ లేదు. ఆయన మీద కోపగించుకుని లాభం లేదు, రేపు ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆయనే.

అందుకే ఫీజు బేరం జరిగే రోజే, డబ్బు కట్టకముందే మూడు విషయాలు అడగండి. అప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది. కట్టేశాక, ప్రిన్సిపాల్ లేరు, హెడ్ ఆఫీసులో అడగాలి అని తిప్పుతారు.

ఒకటి, ట్యూషన్ ఫీజు ఎంత, హాస్టల్, మెస్ కలిపి ఎంత అని విడదీసిన ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద ఇవ్వమనండి. రెండు, రసీదులు కూడా ఆ రెండు పద్దుల కింద విడివిడిగా ఇవ్వమనండి. ఆన్‌లైన్‌లో కడితే వచ్చే ఈ-రసీదులోనూ పద్దు కనిపించాలి. యూపీఐలో ఏజెంట్ నంబరుకో పీఆర్వో నంబరుకో డబ్బు వేయకండి. ఆ స్క్రీన్‌షాట్ ఏ ఆఫీసులోనూ పనికిరాదు. మూడు, సంవత్సరం చివర వసతి, భోజనం మొత్తం రాసి బోనఫైడ్ సర్టిఫికెట్ ఇస్తారా అని నోరు తెరిచి అడగండి. మేం సెంట్రల్ గవర్నమెంట్ వాళ్లం, హాస్టల్ సబ్సిడీకి కావాలి అని చెప్పండి. కంటోన్మెంట్ పిల్లలు, రైల్వే పిల్లలు చదివే కాలేజీల్లో ఈ మాట వాళ్లకు కొత్త కాదు.

ఇంకొకటి కూడా అప్పుడే తేల్చుకోవాలి. బిడ్డ చదివే క్యాంపస్ పేరు వేరు, ఇంటర్ బోర్డులో పేరు నమోదైన కాలేజీ వేరు కావడం మన దగ్గర ఉన్నదే. హాల్ టికెట్ మీద ఒక కాలేజీ పేరు, బోనఫైడ్ మీద మరో పేరు ఉంటే అడ్డంగా దొరికిపోతారు. తప్పు మీది కాకపోయినా సమాధానం చెప్పాల్సింది మీరే. ఏ కాలేజీ పేరు మీద బోర్డు పరీక్ష రాయిస్తారో ముందే కనుక్కుని, సర్టిఫికెట్ ఆ కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతోనే వచ్చేలా మాట తీసుకోండి.

సర్టిఫికెట్లో ఏమేం ఉండాలి

ప్రతి కాలేజీ దగ్గరా ఒక అచ్చు ఫారం ఉంటుంది. ఫలానా విద్యార్థి మా కాలేజీలో చదువుతున్నాడు, ప్రవర్తన సంతృప్తికరం అని రెండు లైన్లు. అది బస్సు పాసుకు సరిపోతుంది, మీకు సరిపోదు. కాబట్టి కావలసిన వాక్యాలు మీరే టైప్ చేయించి తీసుకెళ్లడం మేలు. ఆఫీసు గుమాస్తాకు పని తగ్గుతుంది, మీకు తప్పు లేని కాగితం వస్తుంది. అందులో సారాంశం ఇలా ఉండాలి:

"ఫలానా వారి కుమార్తె ఫలానా, అడ్మిషన్ నంబరు ఇంత, మా కళాశాలలో 2025-26 విద్యా సంవత్సరంలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివినది. ఆ విద్యా సంవత్సరమంతా కళాశాలకు చెందిన హాస్టల్లోనే నివసించినది. ఆ సంవత్సరానికి వసతి, భోజనాల నిమిత్తం తల్లిదండ్రులు చెల్లించిన మొత్తం 1,12,000 రూపాయలు. మా కళాశాలకు ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు ఉంది."

ఆ మూడో వాక్యమే మీ డబ్బు. అది ఇంగ్లిష్‌లో రాయించేటప్పుడు బోర్డింగ్ అండ్ లాడ్జింగ్ అనే మాటలే వాడమనండి. ఉత్తర్వులో ఉన్న మాటలు అవే, సెక్షన్లో వెతికేదీ అవే. హాస్టల్ ఫీజు అని మాత్రమే ఉంటే, మెస్ ఇందులో ఉందా లేదా అని ఒక ప్రశ్న పుడుతుంది. అంకెను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. తేదీ, సంతకం, కాలేజీ గుండ్రటి స్టాంపు, ప్రిన్సిపాల్ పేరున్న స్టాంపు, నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. బెంగళూరు వచ్చాక స్టాంపు లేదని గమనిస్తే మళ్లీ ఒక రాత్రి ప్రయాణం.

చదివినది అని గడిచిన కాలంలో ఉండాలన్నది కూడా మరచిపోకండి. డిసెంబరులో ఇచ్చిన, చదువుతున్నది అనే బోనఫైడ్ ఆ ఏడాది క్లెయిమ్‌కి సరిపోదు. విద్యా సంవత్సరం ముగిశాకే ఇప్పించుకోవాలి. దీనికి అనువైన సమయం పబ్లిక్ పరీక్షలయ్యాక బిడ్డను ఇంటికి తెచ్చుకోవడానికి వెళ్లే రోజు. ఆ రోజు హాస్టల్ ఖాళీ చేయించే హడావిడిలో ఆఫీసు గది ముందు పెద్ద క్యూ ఉంటుంది. ఒకరు ట్రంకు పెట్టె సర్దుతుంటే ఇంకొకరు పొద్దున్నే వెళ్లి ఆఫీసులో కూర్చోండి. అంతకు ముందు ఔటింగ్ ఆదివారం క్యారియర్ పట్టుకుని వెళ్లినప్పుడే, ఫలానా రోజు వస్తాం, సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచండి అని చెప్పి ఉంటే ఇంకా సుఖం.

ఎంత అడిగినా సర్టిఫికెట్ ఇవ్వని కాలేజీలు ఉంటాయి. కాలేజీ మూతపడటం, యాజమాన్యం మారడం కూడా జరుగుతుంటుంది. అప్పుడు రిపోర్ట్ కార్డు నకలు మీరే ధ్రువీకరించి, ఫీజు రసీదుల అసలు కాపీలు జతచేయవచ్చని ఉత్తర్వే చెప్తోంది. ఈ-రసీదులైనా చెల్లుతాయి. కాకపోతే వాటి మీద వసతి, భోజనం ఖర్చు కనిపించి తీరాలి. అడ్మిషన్ రోజు రసీదులు విడదీసి తీసుకోమన్నది ఇందుకే. సర్టిఫికెట్ చేజారినా రసీదులు కాపాడతాయి.

క్లెయిమ్ పెట్టడం

ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఏడాదికి ఒక్కసారే క్లెయిమ్. ఏప్రిల్ రాగానే పెట్టేయండి. మే, జూన్ వచ్చేసరికి తర్వాతి ఏడాది ఫీజు నెత్తి మీదకు వస్తుంది. ఈ డబ్బు అప్పటికి చేతికందితే మొదటి వాయిదాకు అప్పు చేయక్కర్లేదు.

మొదటిసారి క్లెయిమ్ చేసేవాళ్లు ముందు సర్వీస్ రికార్డులో కుటుంబ వివరాలు చూసుకోవాలి. బిడ్డ పేరు అక్కడ ఇంటి పేరుతో ఒక రకంగా, స్కూల్ రికార్డుల్లో ఇంకో రకంగా ఉండటం తెలుగువాళ్లకు పెద్ద బెడద. మనకు ఇంటి పేరు ముందు వస్తుంది, ఇక్కడి స్కూళ్లలో ఇనీషియల్ చివర పెడతారు, ఆధార్‌లో మూడో రకం. పదో తరగతి మెమోలో ఉన్న పేరే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి. ఇది ఒక్కసారి చేస్తే పెన్షన్ దాకా అన్నిటికీ పనికొస్తుంది.

ఫారం మీ ఆఫీసుది మీకిస్తారు. దానికి సర్టిఫికెట్, మీ స్వీయ ధ్రువీకరణ జతచేయాలి. భార్య గానీ భర్త గానీ వేరేచోట ఈ క్లెయిమ్ చేయడం లేదని, బిడ్డ మొదటి ఇద్దరిలో ఒకరని అందులో రాస్తారు. దివ్యాంగ బిడ్డ అయితే వైకల్య ధ్రువపత్రం కలపండి. ఇచ్చే ముందు మొత్తం సెట్టు స్కాన్ చేసి పెట్టుకోండి, డైరీ నంబరు వేయించుకోండి.

బిడ్డ పరీక్ష తప్పితే రాదేమో అని అడగడానికే సిగ్గుపడే తల్లిదండ్రులు ఉంటారు. మార్కులకూ దీనికీ సంబంధం లేదు. ఫెయిలైనా ఆపకూడదని స్పష్టంగా ఉంది. ఒక తరగతి పాసై కూడా అదే తరగతిలో మరో స్కూల్లో మళ్లీ చేరితే మాత్రం ఇవ్వరు.

మధ్యలో హాస్టల్ పడక బిడ్డ ఇంటికి వచ్చేయడం కూడా జరుగుతుంది. బలవంతంగా వెనక్కి పంపకండి, సబ్సిడీ కోసం అయితే అసలే వద్దు. ఉన్నన్నాళ్లకు వసతి, భోజనం కింద ఎంత కట్టారో, ఎంత వాపసు ఇచ్చారో ఆ కాలేజీ దగ్గర రాయించుకుని వచ్చి, కొత్త స్కూల్లో చేర్చేముందే సెక్షన్లో మాట్లాడండి.

సెలవులో ఉన్నా, సస్పెన్షన్లో ఉన్నా క్లెయిమ్ పెట్టవచ్చు. విద్యా సంవత్సరం మధ్యలో రిటైరైతే ఆ సంవత్సరం చివరి దాకా వస్తుంది. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణిస్తే పిల్లలకు ఈ హక్కు పోదు. జీవిత భాగస్వామి ప్రభుత్వ ఉద్యోగంలో లేకపోతే, ఆయన ఉండి ఉంటే ఎప్పటిదాకా వచ్చేదో అప్పటిదాకా వస్తుంది. ఈ విషయం తెలియక చదువు మాన్పించిన ఇళ్లుంటాయి. మీ ఆఫీసులో అలాంటి కుటుంబం ఉంటే దయచేసి మీరే వెళ్లి చెప్పండి. భర్త పోయిన ఇల్లాలు ఆఫీసు మెట్లెక్కి, సర్, హాస్టల్ సబ్సిడీ అని తనంతట తాను అడగదు.

బిల్లు తిరిగి వస్తే నోటిమాటతో ఊరుకోకండి. అభ్యంతరం ఏమిటో రాతలో ఇమ్మని అడగండి. చాలాసార్లు అది రూల్ కాదు, పాత అలవాటు. 2018 ఉత్తర్వు నకలు తీసి, సంబంధిత పేరా కింద గీత గీసి, ఒక చిన్న లెటర్‌తో మళ్లీ పెట్టండి. గొడవ పడక్కర్లేదు, కాగితానికి కాగితమే జవాబు.

ఈ డబ్బు జీతంతో పాటు పన్ను లెక్కలోకి వస్తుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద, పాత పన్ను విధానంలో, ఒక్కో బిడ్డకు చదువు భత్యంలో నెలకు 100, హాస్టల్ భత్యంలో నెలకు 300 మాత్రమే మినహాయింపు. కొత్త విధానంలో అదీ లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి కొత్త నిబంధనలు చూసుకోవాలి.

కేంద్ర ఉద్యోగి కాకపోతే

జాలహళ్ళి, విద్యారణ్యపుర వైపు స్థిరపడిన మాజీ సైనికుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. హవల్దార్, దానికి సమానమైన ర్యాంకు వరకు రిటైరైన వాళ్ల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు విద్యా గ్రాంటు ఉంది. ఇద్దరు పిల్లలకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు దీన్ని నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచారు. బిడ్డ హాస్టల్లో ఉన్నా ఊళ్లో ఉన్నా తేడా లేదు. దరఖాస్తు బోర్డు వెబ్‌సైట్‌లో, పరిశీలన జిల్లా సైనిక్ కార్యాలయంలో.

ఇక అసలు ఉద్యోగమే లేనివాళ్లు. బెంగళూరులో భవనాలు కట్టే మేస్త్రీలు, కూలీలు, క్యాబ్ డ్రైవర్లలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు, కడప జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారో సైటు దగ్గర ఒక గంట నిలబడితే తెలుస్తుంది. పిల్లల్ని ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలి వచ్చినవాళ్లు వీళ్లు. ఆంధ్రప్రదేశ్‌లోని తల్లికి వందనం పథకం ఇలాంటి ఇళ్లకే ఎక్కువ అవసరం, ఇలాంటి ఇళ్లకే ఎక్కువగా తప్పిపోతుంది. 2025 జూన్ 12న మొదలైన ఈ పథకంలో, ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు ఆంధ్రప్రదేశ్‌లో చదివే ప్రతి బిడ్డకు ఏడాదికి 15,000 కేటాయించి, స్కూల్ నిర్వహణకు 2,000 మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికి. తల్లి బెంగళూరులో ఉన్నంత మాత్రాన హక్కు పోదు, బిడ్డ చదివేది అక్కడ కావాలి. బిడ్డను బెంగళూరు స్కూల్లో చేరిస్తే మాత్రం రాదు.

బియ్యం కార్డు ఉండాలి. ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 లోపు ఉండాలి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు ఉన్న ఇంటికి రాదు. కారున్న ఇంటికీ రాదు, కానీ ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది. పసుపు నంబరు ప్లేటు క్యాబ్ నడిపే డ్రైవర్ కుటుంబాన్ని కారు పేరుతో తీసేస్తే గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఆర్సీ చూపించి అభ్యంతరం పెట్టవచ్చు. బిడ్డ హాజరు 75 శాతం ఉండాలి. సంక్రాంతికి బెంగళూరు తీసుకొచ్చి నెల రోజులు ఉంచుకునేవాళ్లు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి.

ఉగాదికో సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు తల్లి ఆధార్, బిడ్డ ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళ్లండి. ఇద్దరూ ఒకే ఇంటి కింద నమోదై ఉన్నారా, తల్లి ఈకేవైసీ పూర్తయిందా అని అడగండి. వలస వెళ్లారని పేరు తీసేసి ఉంటే అప్పుడే తెలుస్తుంది, అప్పుడే సరిచేయించవచ్చు.

బ్యాంకు ఖాతా విషయం ఇంకా ముఖ్యం. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు, ఆధార్‌కు ఆఖరున సీడింగ్ (అనుసంధానం) చేయించిన ఖాతాలోకి వెళ్తుంది. ఊళ్లో గ్రామీణ బ్యాంకు పాసుబుక్ పట్టుకుని డబ్బు రాలేదని తిరుగుతుంటారు, బెంగళూరులో కాంట్రాక్టర్ జీతం కోసం తెరిపించిన ఖాతాకు ఆధార్ సీడ్ అయి ఉంటుంది, డబ్బు అందులో పడి ఉంటుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగినై బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో కనిపిస్తుంది. తల్లి ఫోన్ నంబరు ఆధార్‌లో పాతదే ఉండి ఓటీపీ రాకపోతే, దగ్గర్లోని ఆధార్ కేంద్రంలో ముందు నంబరు మార్పించండి. అది బెంగళూరులోనే అయిపోతుంది, దానికోసం ఊరెళ్లక్కర్లేదు.